పారిశ్రామిక శిక్షణ సంస్థలకు ప్రభుత్వ నిధులు: కేటాయింపు నుంచి వర్క్‌షాపు దాకా

పారిశ్రామిక శిక్షణ సంస్థల స్థాయి పెంపునకు కేంద్ర మంత్రివర్గం 2025 మే 7న ఆమోదించిన జాతీయ పథకం మొత్తం వ్యయం 60,000 కోట్ల రూపాయలు. ఇందులో కేంద్రం వాటా 30,000 కోట్లు, రాష్ట్రాల వాటా 20,000 కోట్లు, పరిశ్రమల వాటా 10,000 కోట్లు. కేంద్రం వాటాలో సగం మేరకు ఆసియా అభివృద్ధి బ్యాంకు, ప్రపంచ బ్యాంకు సమానంగా రుణ సహాయం అందిస్తాయి. అదే సంవత్సరం అక్టోబరు 4న ప్రధానమంత్రి ఈ పథకాన్ని పీఎం-సేతు పేరుతో లాంఛనంగా ప్రారంభించారు. దేశవ్యాప్తంగా 1,000 ప్రభుత్వ ఐటీఐలను ఎంపిక చేసి, వాటిలో 200 సంస్థలను కేంద్ర స్థానాలుగాను, 800 సంస్థలను వాటికి అనుబంధంగాను తీర్చిదిద్దడం, 5 జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలలో అత్యున్నత శిక్షణ కేంద్రాలను నెలకొల్పడం ఈ పథకం ముఖ్యోద్దేశాలు. ఆ 5 నగరాలలో హైదరాబాద్ ఒకటి. భువనేశ్వర్, చెన్నై, కాన్పూర్, లూధియానా మిగిలినవి.

ఐటీఐల రంగానికి ఒకే పథకం కింద ఇంత మొత్తం గతంలో ఎన్నడూ ఉద్దేశించలేదు. 2007-08లో 1,396 ప్రభుత్వ ఐటీఐల కోసం చేపట్టిన పథకం విలువ 3,550 కోట్ల రూపాయలు. అప్పుడు ఒక్కొక్క సంస్థకు లభించింది రెండున్నర కోట్లు. ఇప్పటి 60,000 కోట్లను, జాతీయ కేంద్రాల వ్యయాన్ని మినహాయించకుండానే, 1,000 సంస్థలకు సగటున లెక్క కడితే ఒక్కొక్కదానికి 60 కోట్లు పడుతుంది. ధరల పెరుగుదలను పరిగణనలోకి తీసుకున్నా ఈ వ్యత్యాసం చిన్నది కాదు. పథకం ప్రకటించిన ప్రతిసారీ పాత్రికేయుల నుంచి వచ్చే మొదటి ప్రశ్న మన జిల్లాకు ఎంత అన్నదే. ఆ ప్రశ్న సహజమైనదే. అయితే ఐటీఐలకు నిధులిచ్చిన గత పథకాల అనుభవాన్ని గమనిస్తే, సొమ్ము ఎంత అన్నదానితో పాటు అది గ్రాంటా, అప్పా, ఎవరి ఖాతాలో జమ అవుతుంది, దేనికి ఖర్చు చేయడానికి వీలు లేదు అన్న అంశాలు కూడా ఫలితాన్ని నిర్ణయించాయని విశదమవుతుంది. ముఖ్యంగా చివరి అంశం వార్తలలో అరుదుగా కనిపిస్తుంది.

బాధ్యత ఎవరిది?

దేశంలో వృత్తి పనివారి శిక్షణ పథకం 1950లో ప్రారంభమైంది. ఐటీఐలు ఆ పథకం కిందనే ఏర్పడ్డాయి. రాజ్యాంగం అమలులోకి వచ్చిన నాడు విద్య రాష్ట్ర జాబితాలో ఉండగా, కార్మికుల వృత్తి, సాంకేతిక శిక్షణ మాత్రం మొదటి నుంచి ఉమ్మడి జాబితాలోనే ఉంది. విద్య ఉమ్మడి జాబితాలో చేరింది 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో. కనుక ఐటీఐ చదువు చాలాకాలం పాఠశాల విద్య కుటుంబానికి చెందినదిగా కాక కార్మిక శాఖకు చెందినదిగా పరిగణన పొందింది. కేంద్రంలో ఇది 2015 ఏప్రిల్ వరకు కార్మిక మంత్రిత్వ శాఖ పరిధిలోనే ఉండి, తరువాత నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖకు బదిలీ అయింది.

ఐటీఐల దైనందిన పరిపాలన 1956లో రాష్ట్రాలకు అప్పగించడం జరిగింది. 1969 ఏప్రిల్ 1 నుంచి ఆర్థిక నియంత్రణ కూడా రాష్ట్రాలకే సంక్రమించింది. ఆ ఏర్పాటులో పాఠ్యప్రణాళిక, ప్రమాణాలు, అఖిల భారత వృత్తి పరీక్ష, జాతీయ ధ్రువపత్రం కేంద్రం చేతిలో ఉంటాయి. భవనం, పోస్టులు, జీతాలు, ముడిసరుకు రాష్ట్రం చేతిలో ఉంటాయి. సిలబస్ మారితే కొత్త యంత్రం కావాలి. సిలబస్ మార్చే అధికారం ఒకరిది, యంత్రం కొనవలసిన పద్దు మరొకరిది. అర్ధ శతాబ్దానికి పైగా కేంద్రం నుంచి వచ్చిన ప్రతి ఐటీఐ గ్రాంటూ ఈ అంతరాన్ని పూడ్చడానికి చేసిన ప్రయత్నమేనని భావించవచ్చు.

దేశంలోని దాదాపు 15,000 ఐటీఐలలో ప్రభుత్వ రంగంలోనివి ఐదింట ఒక వంతుకు కాస్త ఎక్కువ. తక్కినవి ప్రైవేటు సంస్థలు. పీఎం-సేతు ప్రభుత్వ ఐటీఐలకు మాత్రమే వర్తిస్తుంది.

ఒక యూనిట్ నడవడానికి అయ్యే ఖర్చు

నిధుల స్వరూపం అర్థం కావాలంటే వర్క్‌షాపులోకి తొంగి చూడవలసి ఉంటుంది. ఫిట్టర్ ట్రేడు రెండేళ్ల కోర్సు. పదో తరగతి పూర్తి చేసిన యువకుడు మొదటి సంవత్సరం తొలి మాసాలలో చేసే పని ప్రధానంగా ఒక్కటే. బెంచి వైస్‌లో బిగించిన మెత్తని ఉక్కు ముక్కను ఆకురాయితో అరగదీసి, మూలమట్టంతో సరిచూసి, కొలత తప్పితే మళ్లీ మొదలుపెట్టడం. హ్యాక్సాతో కోయడం, రంధ్రం వేయడం, రెండు ముక్కలను ఒకదానిలో ఒకటి సందు లేకుండా అమర్చడం తరువాత వస్తాయి. ఈ పనిలో చేతికి తెలివి రావడానికి మరో మార్గం లేదు. ఎన్ని ముక్కలు పాడు చేస్తే అంత నేర్చుకుంటాడు. ఆ పాడైన ముక్కలకు, అరిగిపోయిన ఆకురాళ్లకు, విరిగిన బ్లేడ్లకు డబ్బు ప్రతి సంవత్సరం, ప్రతి బ్యాచ్‌కూ కావాలి. వెల్డర్ ట్రేడులో ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఒక్క ఏడాది కోర్సు అది. కాల్చిన ఎలక్ట్రోడ్ల సంఖ్యే అక్కడ నేర్చుకున్న చదువు. ఎలక్ట్రోడ్లు చాలక, బ్యాచ్‌లో నలుగురు వెల్డింగ్ చేస్తుంటే మిగిలినవారు అద్దం వెనుక నుంచి చూసి నేర్చుకోవలసి వచ్చే స్థితి ఏర్పడితే, వారి చేతికి వచ్చేది ధ్రువపత్రం మాత్రమే అవుతుంది.

ఆర్థిక శాఖ భాషలో ఈ ఆకురాళ్లు, ఎలక్ట్రోడ్లు, కరెంటు బిల్లు, ఇన్‌స్ట్రక్టర్ జీతం రెవెన్యూ వ్యయం. లేత్ మెషిన్, భవనం మూలధన వ్యయం. ఐటీఐల కోసం వచ్చిన ప్రత్యేక పథకాలు ఎక్కువగా రెండో రకం వ్యయాన్ని భరించాయి. అందుకు కారణం లేకపోలేదు. పథకానికి ఒక కాలపరిమితి ఉంటుంది. పథకం ముగిశాక కూడా కొనసాగే జీతాల బాధ్యతను నెత్తిన పెట్టుకోవడానికి ఏ నిధి సంస్థా సుముఖంగా ఉండదు. పైగా యంత్రాన్ని చూపించవచ్చు, ప్రారంభోత్సవం చేయవచ్చు. ఖర్చయిపోయిన ఎలక్ట్రోడ్లకు శిలాఫలకం వేయడం సాధ్యం కాదు.

ఇన్‌స్ట్రక్టర్ల విషయం ఇంతకంటె క్లిష్టమైనది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సహాయ శిక్షణాధికారి హోదాలో పనిచేసే ఇన్‌స్ట్రక్టరు యూనిట్‌కు ఒకరు ఉండాలి. ఒక ఉద్యోగి పదవీ విరమణ చేసినప్పుడు ఆ ఖాళీ భర్తీకి ఆర్థిక శాఖ అనుమతి, నోటిఫికేషన్, పరీక్ష, నియామకం అన్నీ జరగాలి. ఈలోగా అతిథి శిక్షకుడో, పక్క ట్రేడు శిక్షకుడో బండి నడిపిస్తారు. నీతి ఆయోగ్ 2023 జనవరిలో ఐటీఐలపై వెలువరించిన నివేదికలో శిక్షకుల ఖాళీలు, వారికి తగిన శిక్షణ లేకపోవడం ప్రధాన లోపాలుగా పేర్కొన్న విషయం విదితమే.

రెండున్నర కోట్ల అప్పు

2004-05 కేంద్ర బడ్జెట్‌లో నాటి ఆర్థిక మంత్రి శ్రీ పి. చిదంబరం ఏడాదికి 100 చొప్పున 5 సంవత్సరాలలో 500 ఐటీఐలను అభివృద్ధి చేస్తామని ప్రకటించారు. వీటిలో 100 సంస్థలను దేశీయ నిధులతో, 400 సంస్థలను ప్రపంచ బ్యాంకు సహాయంతో చేపట్టారు. దేశీయ నిధుల పథకంలో ఒక్కో సంస్థకు 1.60 కోట్ల రూపాయలు ఉద్దేశించగా, అందులో మూడు వంతులు కేంద్రం, ఒక వంతు రాష్ట్రం భరించాయి. ఇవి సంప్రదాయ గ్రాంటులు. తిరిగి చెల్లించవలసిన అవసరం లేదు.

మిగిలిన 1,396 ప్రభుత్వ ఐటీఐలకు 2007-08లో వేరొక మార్గం ఎంచుకున్నారు. ప్రతి సంస్థకు ఒక పరిశ్రమను భాగస్వామిగా చేర్చి, ఆ పరిశ్రమ ప్రతినిధి అధ్యక్షతన సంస్థ యాజమాన్య కమిటీని సొసైటీగా రిజిస్టరు చేయించారు. కేంద్రం, రాష్ట్రం, పరిశ్రమ ముగ్గురూ కలిసి ఒప్పందం కుదుర్చుకున్నారు. అనంతరం ఆ కమిటీకి కేంద్రం 2.50 కోట్ల రూపాయల వడ్డీ లేని రుణాన్ని నేరుగా విడుదల చేసింది. మొదటి 10 సంవత్సరాలు చెల్లింపు అవసరం లేదు. తరువాత 20 సంవత్సరాలలో సమాన వార్షిక వాయిదాలలో తీర్చాలి. సీట్లలో 20 శాతం వరకు ప్రవేశాలను నిర్ణయించే అధికారం, సంస్థ ఆర్జించిన ఆదాయాన్ని సంస్థ వద్దనే ఉంచుకుని వినియోగించే స్వేచ్ఛ కమిటీకి దఖలుపడ్డాయి.

ఆలోచన బాగానే ఉంది. పరిశ్రమకు పెత్తనం ఇస్తే పరిశ్రమకు కావలసిన శిక్షణ వస్తుందని, తీర్చవలసిన అప్పు కనుక బాధ్యతతో ఖర్చు చేస్తారని ఆశించారు. అయితే వాయిదా లెక్క ఒకసారి పరిశీలించాలి. 2.50 కోట్లను 20తో భాగిస్తే సంవత్సరానికి 12.50 లక్షలు. ఉదాహరణకు 200 సీట్లున్న ఐటీఐలో 20 శాతమంటే 40 సీట్లు. కేవలం ఆ సీట్ల రాబడితోనే వాయిదా కట్టాలంటే ఒక్కో శిక్షణార్థి నుంచి ఏటా 31,250 రూపాయలు రావాలి. ప్రభుత్వ ఐటీఐలో చేరేవారిలో అధిక సంఖ్యాకులు రైతు కూలీల, చిరువ్యాపారుల పిల్లలు. ఆ ఫీజు వారి నుంచి ఆశించడం పొసగదు. స్వల్పకాలిక కోర్సులు, ఉత్పత్తి పనులు వంటి ఇతర ఆదాయ మార్గాలు పరిశ్రమలు దట్టంగా ఉన్న చోట సాధ్యపడతాయి. కంచరపాలెం ఐటీఐ పక్కనే పారిశ్రామిక వాడ ఉంది. మండల కేంద్రంలోని ఐటీఐకి చుట్టుపక్కల రైసు మిల్లు, ట్రాక్టరు మరమ్మతు షెడ్డు తప్ప మరేమీ ఉండకపోవచ్చు. రెండింటికీ ఒకే షరతులతో ఒకే అప్పు ఇవ్వడం జరిగింది.

ఫలితంగా అనేక కమిటీలు జాగ్రత్త వైపు మొగ్గు చూపాయి. రుణంలో కొంత భాగాన్ని మూలనిధిగా బ్యాంకులో ఉంచుకునే వెసులుబాటు ఎలాగూ ఉంది. రేపు తీర్చవలసిన సొమ్మును ఈ రోజు యంత్రాలపై వెచ్చించడానికి బదులు డిపాజిట్ చేసి వడ్డీతో చిన్న ఖర్చులు గడుపుకోవడం క్షేమమని భావించినవారు లేకపోలేదు. వారిని తప్పు పట్టడం తేలిక. సొసైటీ కార్యదర్శిగా సంతకం చేసిన ప్రిన్సిపాల్ మూడేళ్లలో బదిలీ అవుతారు, అప్పు మాత్రం 30 ఏళ్లు అక్కడే ఉంటుంది. ఆ స్థానంలో ఎవరున్నా అదే చేసేవారేమో. పథకం కింద కొత్త రుణాల మంజూరు 2012 మార్చితో ముగిసింది.

ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. నాటి పథకంలో చురుకైన పరిశ్రమ భాగస్వామి, స్థిరంగా కొనసాగిన ప్రిన్సిపాల్ ఉన్న చోట కమిటీ నిజంగానే పనిచేసింది. అప్పటి వరకు చిన్న బల్బు మార్చడానికి కూడా డైరెక్టరేట్‌కు రాయవలసిన సంస్థకు సొంత బ్యాంకు ఖాతా, తీర్మాన పుస్తకం లభించడం తక్కువ మార్పు కాదు. ఇప్పటి పీఎం-సేతులో పరిశ్రమ సారథ్యంలోని ప్రత్యేక సంస్థ ద్వారా అమలు జరపాలన్న నిబంధనకు మూలం ఆ కమిటీలలోనే ఉంది.

గ్రాంటు ప్రయాణం

2014-15 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకాల సొమ్ము సొసైటీలకు నేరుగా కాక రాష్ట్ర సంచిత నిధి ద్వారా విడుదలవుతున్నది. శాసనసభకు జవాబుదారీతనం పెరగడం దీనివల్ల కలిగిన మేలు. దారి కొంత పొడవు కావడం దాని ప్రతిఫలం. కేంద్రం మంజూరు ఉత్తర్వు వెలువడిన తరువాత ఆ మొత్తం రాష్ట్ర ఖజానాలో జమ అవుతుంది. అక్కడ బడ్జెట్‌లో తగిన పద్దు ఉండాలి. లేకుంటే అదనపు మంజూరు కోరాలి. రాష్ట్ర వాటా కలపాలి. పరిపాలనా అనుమతి జీవో, బడ్జెట్ విడుదల ఉత్తర్వు, టెండరు, సరఫరా, బిగింపు వరుసగా సాగుతాయి. కొత్త యంత్రం వచ్చిన తరువాత మూడు ఫేజుల కరెంటు లోడు చాలక అది చెక్కపెట్టెలోనే నెలల తరబడి ఉండిపోయిన సందర్భాలు ఏ జిల్లా అధికారిని అడిగినా చెబుతారు. టెండరు పత్రంలో యంత్రం ఖరీదు రాస్తారే గాని ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం గురించి రాయడం మరచిపోతారు.

ఖర్చు పూర్తయ్యాక వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. కార్యాలయాలలో యూసీగా వ్యవహరించే ఈ పత్రాన్ని, 2017 సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలలలోగా పంపాలి. స్వయంప్రతిపత్తి సంస్థలకు 12-ఏ నమూనా, రాష్ట్ర ప్రభుత్వాలకు 12-సీ నమూనా నిర్దేశించారు. ఇది అందనిదే తదుపరి విడత విడుదల కష్టసాధ్యం. జిల్లాలోని ఒక ఐటీఐ నుంచి యూసీ రాకపోతే సకాలంలో పంపిన ఇతర సంస్థల రెండో విడత కూడా నిలిచిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల విడుదల కాలేదన్న వార్త రాసేటప్పుడు ఆగింది ఎక్కడన్నది విచారించడం సమంజసం. చాలా సార్లు అది ఢిల్లీలో కాక, బిల్లుతో పాటు జతపరచవలసిన స్టాకు రిజిస్టరు నకలు దగ్గర ఆగి ఉంటుంది.

2021 జూలై నుంచి ప్రతి కేంద్ర ప్రాయోజిత పథకానికి రాష్ట్రంలో ఒకే నోడల్ సంస్థ, ఒకే బ్యాంకు ఖాతా విధానం అమలులోకి వచ్చింది. అంతకుముందు పథకం సొమ్ము జిల్లాల వారీగా పదుల ఖాతాలలో చెల్లాచెదురుగా పడి ఉండేది. ఈ విధానంలో ఖర్చు చేసే సంస్థకు పరిమితి మాత్రమే కేటాయిస్తారు, సొమ్ము చెల్లింపు సమయంలో ఒకే ఖాతా నుంచి వెళుతుంది. దీనివల్ల డిపాజిట్లపై వడ్డీ సంపాదించే పాత అలవాటుకు అవకాశం తగ్గింది. ఏ సంస్థ ఎంత ఖర్చు చేసిందన్న వివరం కూడా ప్రజా ఆర్థిక నిర్వహణ వ్యవస్థలో నమోదవుతుంది. గణాంకాలు కోరే పాత్రికేయులకు ఇది గతంలో లేని సౌలభ్యం.

ఫలితాన్ని బట్టి సొమ్ము

2017 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం సంకల్ప్, స్ట్రైవ్ అనే రెండు పథకాలకు ఆమోదం తెలిపింది. ప్రపంచ బ్యాంకు సహాయంతో 2,200 కోట్ల రూపాయలతో రూపొందిన స్ట్రైవ్ ఐటీఐలకు, అప్రెంటిస్ శిక్షణకు ఉద్దేశించినది. పెట్టిన ఖర్చును బట్టి కాక సాధించిన ఫలితాన్ని బట్టి నిధులు విడుదల కావడం దీని విశేషం. ఐటీఐల పనితీరు, రాష్ట్ర ప్రభుత్వాల సామర్థ్యం, బోధనాభ్యసనం, అప్రెంటిస్ శిక్షణ విస్తరణ అనే రంగాలలో లక్ష్యాలు నిర్ణయించి, ఎంపికైన ఐటీఐలతో పనితీరు ఆధారిత గ్రాంటు ఒప్పందాలు చేసుకున్నారు. ఉత్తీర్ణత, మధ్యలో మానేసేవారి సంఖ్య, బాలికల ప్రవేశాలు వంటివి గ్రాంటుతో ముడిపడడం ఐటీఐల చరిత్రలో కొత్త సంగతి. అప్పు విధానంలో కమిటీ భయం తిరిగి చెల్లించడం గురించి అయితే, ఇక్కడ ప్రిన్సిపాల్ ఆందోళన నమోదు గురించి. ఫలితం సాధించినా దానిని పోర్టల్‌లో రుజువు చేయలేకపోతే సాధించనట్టే లెక్క. డేటా ఎంట్రీకి ప్రత్యేక సిబ్బంది లేని చోట్ల ఈ పని కూడా ఇన్‌స్ట్రక్టర్ల మీదే పడింది.

అప్రెంటిస్ ప్రోత్సాహం ఇంకొక తరహా సహాయం. 2016 ఆగస్టులో మొదలైన జాతీయ పథకం కింద స్టైఫండ్‌లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయల వరకు, కేంద్రం భరించే ఏర్పాటు చేశారు. తొలుత యజమానికి తిరిగి చెల్లించే పద్ధతి ఉండగా, 2023 ఆగస్టు నుంచి నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాకు జమ చేసే విధానం మొదలైంది. ఐటీఐ పద్దుతో దీనికి సంబంధం లేదు కనుక రెండింటినీ కలిపి ఒకే కేటాయింపుగా చూపడం సరికాదు.

తెలంగాణ నమూనా

తెలంగాణ ప్రభుత్వం 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చేందుకు టాటా టెక్నాలజీస్ సంస్థతో 10 సంవత్సరాల ఒప్పందం చేసుకుంది. హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో 2024 జూన్ 18న ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి ఈ కార్యక్రమానికి శంకుస్థాపన చేశారు. ప్రాజెక్టు అంచనా వ్యయం 2,324.21 కోట్ల రూపాయలు కాగా, అందులో రాష్ట్ర ప్రభుత్వ వాటా 307.96 కోట్లు, తక్కిన 2,016.25 కోట్లు కంపెనీ వాటా. పారిశ్రామిక రోబోటిక్స్, అధునాతన సీఎన్‌సీ మెషినింగ్, విద్యుత్ వాహనాల మెకానిక్ వంటి కోర్సులు ఈ కేంద్రాలకు ఉద్దేశించారు. ఇదే కంపెనీతో కర్ణాటక 150, తమిళనాడు 71 ఐటీఐలలో ఇటువంటి ఏర్పాటు అంతకుముందే చేశాయి.

రాష్ట్ర వాటా ఏడింట ఒక వంతుకన్నా తక్కువని మొదటి చూపులో అనిపిస్తుంది. గణితపరంగా అది నిజం. అయితే కంపెనీ వాటా యంత్రాలు, సాఫ్ట్‌వేర్, శిక్షణ సహకారం రూపంలో వచ్చేది. నగదుగా ఖజానాకు జమ అయ్యేది కాదు. ఈ తేడా తెలియక గ్రాంటు అన్న ఒకే మాట వాడడం వల్ల కొన్ని వార్తలలో పొరపాటు దొర్లింది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు గడువు ఉంటుంది. సీఎన్‌సీ యంత్రానికి కటింగ్ టూళ్లు, కూలెంటు, నిర్వహణ ఒప్పందం కావాలి. పాత లేత్‌పై విరిగిన టూలు బిట్ ఖరీదుతో సీఎన్‌సీ ఇన్సర్టు ఖరీదును పోల్చలేము. ఒప్పంద కాలం ముగిసిన తరువాత ఈ ఖర్చులను భరించే పద్దు ఏదన్నది ఇప్పటి నుంచే అంచనాలలో చేర్చుకోవలసిన అంశం. 2007 నాటి అప్పు విషయంలో పదేళ్ల విరామం ఎంత వేగంగా గడిచిపోయిందో శిక్షణ శాఖ అధికారులకు అనుభవమే.

పీఎం-సేతులో గమనించవలసినవి

పీఎం-సేతు గత పథకాలలోని కొన్ని లోపాలను సరిదిద్దే ప్రయత్నం చేసింది. అన్ని సంస్థలకూ ఒకే మొత్తం ఇవ్వకుండా అవసరాన్ని బట్టి పెట్టుబడి నిర్ణయించడం వాటిలో ప్రధానమైనది. ఒక కేంద్ర ఐటీఐలో ఖరీదైన యంత్రాలు ఏర్పాటు చేసి, చుట్టుపక్కల 4 అనుబంధ ఐటీఐల శిక్షణార్థులు వాటిని వినియోగించుకునేలా చూడడం రెండోది. ఒక్కో సంస్థకు ఒక రోబో కొనడం కన్నా ఇది పొదుపు. అయితే అనుబంధ ఐటీఐ నుంచి కేంద్ర ఐటీఐకి శిక్షణార్థి వెళ్లి రావాలి. 40 కిలోమీటర్ల దూరంలోని గ్రామం నుంచి వచ్చే బాలికకు బస్సు వేళలు, హాస్టల్ వసతి ఈ పథకం విజయంలో యంత్రంతో సమానమైన పాత్ర వహిస్తాయి. అనుబంధ సంస్థలను ఎంపిక చేసే జిల్లా అధికారులు మ్యాపుతో పాటు ఆర్టీసీ టైంటేబుల్‌ను కూడా దగ్గర పెట్టుకోవడం ఉచితం.

రాష్ట్రాల వాటా 20,000 కోట్లు అన్న అంకె మరో కోణంలో ముఖ్యమైనది. కేంద్రం సొమ్ము కదలాలంటే రాష్ట్రం సొమ్ము బడ్జెట్‌లో ఉండాలి. కనుక ఎన్ని ఐటీఐలు ఎంపికయ్యాయన్న ప్రకటనతో పాటు, ఆ సంవత్సరం రాష్ట్ర బడ్జెట్‌లో శిక్షణ శాఖ మూలధన పద్దు కింద సమాన వాటా చూపారా అన్నది పరిశీలిస్తే పథకం వేగం తెలుస్తుంది. పరిశ్రమ వాటాలో నగదు ఎంత, వస్తురూపం ఎంత అన్నది ప్రత్యేక సంస్థతో కుదిరే ఒప్పందంలో లభిస్తుంది. శిక్షణ శాఖ అధికారులు ఒప్పంద పత్రం తయారీలోనే వార్షిక నిర్వహణ, ముడిసరుకు వ్యయాలను విడిగా చూపితే తరువాతి సంవత్సరాల బడ్జెట్ ప్రతిపాదనలు సులభమవుతాయి.

శిక్షకుల అంశం ఈ పథకంలో కొంత చోటు చేసుకుంది. 50,000 మంది శిక్షకులకు సర్వీసుకు ముందు, సర్వీసులో ఉండగా శిక్షణ ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. హైదరాబాద్‌తో సహా 5 జాతీయ సంస్థల సామర్థ్యం పెంపు ప్రధానంగా అందుకోసమే. 5 సంవత్సరాలలో 20 లక్షల మంది యువతకు నైపుణ్యం కల్పించాలన్నది మొత్తం పథకం లక్ష్యం. శిక్షకుడికి శిక్షణ ఇచ్చే ఖర్చు పథకానిది. ఆ శిక్షకుడు నిలబడవలసిన పోస్టు మాత్రం రాష్ట్రానిది. ఎంపికైన ఐటీఐలలో ఖాళీగా ఉన్న సహాయ శిక్షణాధికారి పోస్టుల వివరాలు ట్రేడుల వారీగా సిద్ధం చేసి, యంత్రాల టెండరు ప్రకటనకు ముందుగానే ఆర్థిక శాఖ అనుమతికి పంపగలిగితే యంత్రం, దాన్ని నేర్పే మనిషి ఒకే విద్యా సంవత్సరంలో వర్క్‌షాపుకు చేరుకునే వీలుంటుంది. ప్రవేశాలు సాధారణంగా వేసవి తరువాత జరుగుతాయి కనుక ఆ ఫైలు బడ్జెట్ సమావేశాల నాటికే కదలవలసి ఉంటుంది.